కెమెరా ఊపితే డాక్యుమెంటరీ అయిపోదు

డాక్యుమెంటరీ పేరడీ సిరీస్‌ల (కల్పిత కథని నిజం డాక్యుమెంటరీలా తీసే కామెడీల, అంటే మాక్యుమెంటరీల) మాట ఎప్పుడొచ్చినా ఎవరో ఒకరు అనేస్తారు: "అందులో ఖర్చేముంది? లైట్లు అక్కర్లేదు, సెట్టు అక్కర్లేదు, కెమెరా భుజానేసుకుని కాస్త ఊపితే సరి." డబ్బు పెట్టేవాళ్లు ఇలా అంటే అర్థం చేసుకోవచ్చు. రాసేవాళ్లు, తీసేవాళ్లు కూడా ఇదే పాట పాడుతుంటే మాత్రం ఊరుకోబుద్ధి కాదు.

ఓ ఆఫీసు ఉద్యోగుల మీద డాక్యుమెంటరీ తీస్తున్నట్టు నడిచే అమెరికన్ కామెడీ సిరీస్ 'ది ఆఫీస్' అయిదో సీజన్ మొదటి ఎపిసోడ్ (2008) గుర్తుందా? జోరువానలో, హైవే పక్కన పెట్రోల్ బంకు దగ్గర, జిమ్ మోకాలి మీద వంగి ప్రియురాలు పామ్‌ని పెళ్లికి అడుగుతాడు. రోడ్డు అవతలి నుంచి తీసిన షాట్. నిమిషం కూడా ఉండదు. మధ్యలో కార్లు అడ్డుగా దూసుకుపోతుంటాయి. ఎవరో దూరంగా నిలబడి దొరికినంత పట్టేసినట్టు ఉంటుంది. నిజానికి ఆ బంకు ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణం పార్కింగ్ స్థలంలో కట్టిన సెట్టు. దాని చుట్టూ గుండ్రంగా రోడ్డు వేసి కార్లను తిప్పారు. వాన యంత్రాలతో కురిపించిన వాన. వెనక కనబడే కాలిఫోర్నియా కొండల్ని తర్వాత గ్రాఫిక్స్‌లో చెరిపేసి తూర్పు తీరపు చెట్లు పెట్టారు. తీసినవాళ్లే చెప్పుకున్న లెక్క ప్రకారం ఖర్చు రెండున్నర లక్షల డాలర్లు. అనుకోకుండా దొరికినట్టు కనిపించడానికి అయిన ఖర్చు అది!

నేను అనేది ఒక్కటే. డాక్యుమెంటరీ పేరడీలో అందరికంటే ముందు రాసుకోవాల్సిన పాత్ర ఆ కెమెరా పట్టుకున్న మనిషి. తెర మీద కనిపించడు, పేరు ఉండదు, డైలాగు ఉండదు. కానీ అతను ఎవరు, ఎక్కడ నిలబడ్డాడు, అతనికి ఏం తెలుసు, అతని చేతిలో ఏ పరికరం ఉంది అన్నవి తేల్చుకోకుండా జోకులు రాయడం మొదలుపెడితే, ఆ జోకులు ఎంత బాగున్నా పేరడీ నిలబడదు.

ఊపడం కాదు, ఊగకుండా చూసుకోవడం

అసలు డాక్యుమెంటరీ కెమెరామన్ ఎప్పుడూ కెమెరా ఊపడు. ఊగకుండా ఉండాలని నానా తంటాలూ పడతాడు. గోడకి ఆనుకుంటాడు, మోచేతులు పక్కటెముకలకి అదుముకుంటాడు, ఊపిరి బిగబడతాడు. మనకి కనిపించే కుదుపు ఆ ప్రయత్నంలో మిగిలిపోయిన లోపం మాత్రమే. పేరడీ తీసే కొత్తవాళ్లు ఆ లోపాన్నే పనిగా పెట్టుకుంటారు. ఇద్దరు కుర్చీల్లో కూర్చుని తాపీగా మాట్లాడుకుంటుంటే కూడా ఫ్రేము పడవలా ఊగుతూ ఉంటుంది. ఎందుకు? అక్కడ కెమెరామన్‌ని కంగారు పెట్టేది ఏమీ లేదు కదా.

కుదుపుకి కారణం ఉండాలి. గదిలో ఎడమవైపు ఎవరో మాట్లాడుతుండగా కుడివైపు తలుపు దగ్గర ఎవరో ఏదో అన్నారు. కెమెరా అటు తిరగాలి. ఎంత ఆలస్యంగా తిరగాలన్నదే అసలు కిటుకు. మాట మొదలయ్యాక అర సెకను, ముప్పావు సెకను తర్వాత తిరిగితే నిజంలా ఉంటుంది. మాటతో పాటే తిరిగితే ఆపరేటర్ స్క్రిప్టు చదివాడని తెలిసిపోతుంది. అందుకే కొన్ని యూనిట్లలో ఆపరేటర్‌ని రిహార్సల్‌కి రానివ్వరు. నటులు ఎక్కడి నుంచి ఎక్కడికి కదులుతారో అతనికి చెప్పరు. మొదటి టేక్‌లో అతను నిజంగానే వెతుక్కుంటాడు. అయిదో టేక్‌కి అంతా కంఠతా వచ్చేస్తుంది, వెతుకులాట నటన అయిపోతుంది. అప్పుడు ఆపరేటర్లని అటూ ఇటూ మార్చుకోవడమో, నటులు నిలబడే చోటు మార్చడమో తప్ప దారి లేదు.

'ది ఆఫీస్' కెమెరా పనిలో ఎక్కువ భాగం చూసుకున్న రాండల్ ఐన్‌హార్న్ అంతకుముందు 'సర్వైవర్' లాంటి రియాలిటీ షోలకి కెమెరా పట్టినవాడు. పైలట్ (మొట్టమొదటి) ఎపిసోడ్‌కి కెమెరామన్ పీటర్ స్మోక్లర్, 1984లో రాక్ బ్యాండ్ మీది డాక్యుమెంటరీ పేరడీ 'దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్' తీసిన చెయ్యి. ఈ ఎంపికలు ఊరికే జరిగినవి కావు. రెండో టేక్ దొరకని చోట పనిచేసిన మనిషికి ముందు ఏది చూడాలో చెప్పక్కర్లేదు. మాట్లాడేవాడి మీద నుంచి వినేవాడి మీదకి కెమెరా ఎప్పుడు జారాలో చేతికి అలవాటైపోతుంది.

ఇక తలుపు సంగతి. ఈ తరహా సిరీస్‌లన్నిటిలో అతి మామూలుగా దొర్లే తప్పు ఇదే. ఒక పాత్ర ఇంటికొచ్చి తాళం తీసి, తలుపు తోసి, లోపల ఏదో చూసి ఉలిక్కిపడుతుంది. షాట్ ఇంటి లోపలి నుంచి ఉంటుంది. మరి కెమెరామన్ లోపలికి ఎలా వెళ్లాడు? తాళం అతని దగ్గర కూడా ఉందా? అతను ముందే అక్కడ ఉంటే ఆ మనిషి ఉలిక్కిపడాల్సింది లోపలున్న వింతని చూసి కాదు, కెమెరామన్‌ని చూసి. సరిగ్గా తీస్తే కెమెరా వెనకాలే రావాలి, మొదట వీపు కనిపించాలి, మొహం కనిపించేలోగా ఆశ్చర్యం సగం అయిపోవాలి. ఆ సగం పోగొట్టుకోవడానికి దర్శకులకి మనసొప్పదు. అక్కడే పేరడీ జారిపోతుంది.

ఒకటే కెమెరా, పదకొండు నిమిషాల రీలు

పాత కాలపు డాక్యుమెంటరీని పేరడీ చేస్తే చిక్కులు ఇంకా ఎక్కువ. అమెరికన్ సిరీస్ 'డాక్యుమెంటరీ నౌ!' (2015–2022) పూర్తిగా ఈ పని మీదే బతికింది. నటి హెలెన్ మిరెన్ హుందాగా నిలబడి, యాభై ఏళ్లుగా నడుస్తున్న కార్యక్రమంలా పరిచయం చేస్తుంది. లెక్కప్రకారం మొదటి సీజనే యాభయ్యోది. ఆ తర్వాత ఒక్కో ఎపిసోడ్ ఒక్కో అసలు డాక్యుమెంటరీ తీరులో సాగుతుంది.

1960ల చివరి నాటి డాక్యుమెంటరీ యూనిట్ అంటే ఇద్దరే. ఒకరి భుజాన 16 ఎంఎం కెమెరా, ఇంకొకరి దగ్గర నాగ్రా టేపు రికార్డరు, మైకు. కెమెరాకి 400 అడుగుల మ్యాగజైన్ (ఫిల్ము పెట్టె). సెకనుకి 24 ఫ్రేముల లెక్కన పదకొండు నిమిషాలు నడుస్తుంది, ఆ తర్వాత మార్చాలి. కాబట్టి వాళ్లు పొద్దస్తమానం తీస్తూ కూర్చోరు, ఏదో జరగబోతోందని పసిగట్టి స్విచ్చి నొక్కుతారు. ఫలితంగా చాలా షాట్లు మాట మధ్యలో మొదలవుతాయి, మాట మధ్యలో రీలు అయిపోతుంది. బొమ్మ పోయినా టేపు మీద గొంతు నడుస్తూనే ఉంటుంది. పేరడీలో ఎవరైనా గొప్ప రహస్యం బయటపెట్టబోతుండగా రీలు అయిపోవడం మంచి జోకు. ఆ రీలు నిడివి తెలిసినవాడికే అది తడుతుంది.

ఒక్క కెమెరాయే కాబట్టి ఇద్దరి సంభాషణని అటో ముక్క ఇటో ముక్క కోయడం కుదరదు. ఒకడు వాక్యం మొదలుపెట్టగానే వాడి మొహం, రెండోవాడు జవాబివ్వగానే వాడి మొహం, మళ్లీ మొదటివాడు, ఇలా సినిమాలాగా కట్ చేస్తే రెండో కెమెరా ఉన్నట్టే. అసలు డాక్యుమెంటరీ ఎడిటర్లు ఏం చేసేవారంటే, వినేవాడి మొహాన్ని వేరే ఏదో సమయంలో తీసి పెట్టుకుని, మాట్లాడేవాడి గొంతు మీద అతికించేవారు. మాట్లాడే పెదాలు కనిపించవు, కాబట్టి పెదాలకీ మాటకీ సింకు కుదరాలన్న గొడవ లేదు. కానీ ఆ మొహం పక్కనున్న కప్పులో కాఫీ మట్టం మారిపోయి ఉంటుంది, వేళ్ల మధ్య సిగరెట్టు ఉన్నట్టుండి పొడుగైపోయి ఉంటుంది. మామూలు సీరియల్లో కంటిన్యుటీ (షాట్‌కీ షాట్‌కీ తేడా రాకుండా) చూసే మనిషి ఇలాంటివి ఏరిపారేస్తుంది. ఇక్కడ ఆమె పని తలకిందులు: ఎపిసోడ్‌కి ఒకటో రెండో పొరపాట్లు ఏరికోరి వదలాలి. మూడోది వదిలితే ఎగతాళిలా కనిపిస్తుంది.

వెలుతురు విషయంలో చాలామంది పప్పులో కాలేస్తారు. ఆనాటి 16 ఎంఎం కలర్ నెగెటివ్ వేగం (వెలుతురుని పట్టే శక్తి) 100 ఏఎస్ఏ. ఇప్పటి డిజిటల్ కెమెరాలు చాలావరకు 800 దగ్గర మొదలవుతాయి. అంటే మూడు స్టాపుల తేడా, ఎనిమిది రెట్లు. ఆనాటి యూనిట్ రాత్రి పూట ఇంట్లో తీయాలంటే కెమెరా నెత్తిన ఓ దీపం వెలిగించాలి, లేదంటే ల్యాబులో ఫిల్మును ఎక్కువసేపు కడిగించి గరుకు బొమ్మతో సరిపెట్టుకోవాలి. 1970లో జరిగే కథలో కొవ్వొత్తి వెలుగులో మొహం మీది ముడతలు కూడా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనిపిస్తే, ఆ షాట్ ఎంత అందంగా ఉన్నా తీసేయాల్సిందే.

పాత జూమ్ లెన్సు తెచ్చి కొత్త కెమెరాకి బిగిస్తే సగం పని అయిపోతుందని ఇంకో భ్రమ. ఆ రోజుల్లో అందరూ వాడిన ఆంజెన్యూ 12–120 లెన్సు 16 ఎంఎం ఫ్రేముకి చేసినది. ఆ ఫ్రేము వెడల్పు పది మిల్లీమీటర్ల పైచిలుకు. ఇప్పటి సినిమా కెమెరాల్లోని సూపర్ 35 సెన్సర్ (ఫిల్ముకి బదులు బొమ్మని పట్టే పలక) అంతకు రెట్టింపు కంటే వెడల్పు. లెన్సు దాన్ని నింపలేదు, నాలుగు మూలలా నల్లటి నీడ పడుతుంది. అందుకని సెన్సర్ మధ్య భాగాన్ని మాత్రమే వాడే మోడ్‌లో పెట్టుకోవాలి. పదును కాస్త తగ్గుతుంది, అది లాభమే. పోనీ అని ఫొటోలకి వాడే జూమ్ లెన్సు పెడితే ఇంకో తలనొప్పి. వాటిలో చాలావాటికి జూమ్ చేసిన ప్రతిసారీ ఫోకస్ జారిపోతుంది. సినిమా జూమ్‌లకి జారదు. పాత ఆపరేటర్ ముందు పూర్తిగా దగ్గరికి లాగి, కంటి మీద ఫోకస్ పట్టి, మళ్లీ వెనక్కొచ్చి తీయడం మొదలుపెట్టేవాడు. ఆ అలవాటు తెలిసినవాడు పేరడీలో ఎప్పుడైనా ఆ 'లాగి వెనక్కి రావడం' ఎడిటింగ్‌లో కోయకుండా ఉంచితే, చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా ఇది అసలుదని నమ్మకం కుదురుతుంది.

గీతలు, దుమ్ము చుక్కల గురించి ఒక్క ముక్క. నెగెటివ్ మీద పడిన దుమ్ము తెర మీద తెల్లగా కనిపిస్తుంది, ప్రింటు మీద పడిన దుమ్ము నల్లగా. రెడీమేడ్‌గా దొరికే 'పాత ఫిల్ము' ఎఫెక్ట్‌లో రెండూ కలగాపులగంగా ఉంటాయి. పైగా పది సెకన్లకోసారి అదే వెంట్రుక అదే మూల ప్రత్యక్షమవుతుంది. టైటిల్సు ఇంకా దారుణం. బొమ్మంతా వణుకుతుంటే దాని మీది అక్షరాలు మాత్రం రాయిలా కదలకుండా ఉంటాయి. ఆ రోజుల్లో అక్షరాల్ని కూడా ఫిల్ము మీదే తీసేవారు, అవీ కాస్త ఊగేవి. గరుకుదనం అక్షరాల మీద కూడా పరుచుకోవాలి.

నూడుల్స్‌కి తడిగుడ్డ

1957 ఏప్రిల్ 1న, ఏప్రిల్ ఫూల్ రోజున, బీబీసీ వార్తా కార్యక్రమం 'పనోరమా'లో మూడు నిమిషాల ముక్క వచ్చింది. స్విట్జర్లాండ్‌లో స్పగెట్టి (గోధుమపిండితో చేసే నూడుల్స్) చెట్ల కోత! కార్యక్రమ వ్యాఖ్యాత రిచర్డ్ డింబుల్‌బీ తన మామూలు గంభీరమైన గొంతుతోనే వ్యాఖ్యానం చదివాడు. కెమెరామన్ చార్లెస్ డి యేగర్ ఆలోచన అది.

ఆ ముక్కలో నాకు ఎప్పటికీ నచ్చేది చెట్టుకి నూడుల్స్ వేలాడదీసిన పద్ధతి. ఎండినవి నిటారుగా కర్రల్లా ఉంటాయి, వేలాడవు. ఉడికిస్తే జారిపోయి కింద పడతాయి. చివరికి దొరికిన ఉపాయం ఏమిటంటే, పచ్చివాటిని తడిగుడ్డల మధ్య పెట్టి మెత్తగా ఉంచి, షాట్‌కి ముందు కొమ్మలకి వేయడం. జోకు ఒక్క వాక్యంలో అయిపోతుంది, తడిగుడ్డ కనిపెట్టడానికే బుర్ర కావాలి. నూడుల్స్ కొమ్మ మీద తప్పుగా వేలాడి ఉంటే డింబుల్‌బీ గొంతు కూడా ఆ ముక్కని కాపాడేది కాదు.

కుర్చీలో కూర్చోబెట్టి అడిగినప్పుడు

ఇంటర్వ్యూ ముక్కలు చూడ్డానికి తేలిక, తీయడానికి కాదు. మొదటిది, మనిషి చూపు ఎటు పోతుందన్నది. అడిగేవాడు లెన్సుకి ఆనుకుని పక్కన కూర్చుంటాడు, జవాబిచ్చేవాడి చూపు లెన్సుకి కాస్త పక్కగా పోతుంది. అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడు ఎరాల్ మోరిస్ తరహాని అనుకరించేవాళ్లు పాత్రల చేత నేరుగా లెన్సులోకి చూపిస్తుంటారు. అడిగేవాడి మొహాన్ని లెన్సు ముందే చూపించేలా ఆయన టెలిప్రాంప్టర్ అద్దాలతో కట్టిన ఇంటరోట్రాన్ అనే పరికరం పుణ్యమే ఆ చూపు. కానీ అది 1990ల నాటి సంగతి. 1988 నాటి 'ది థిన్ బ్లూ లైన్'లో అందరూ లెన్సుకి పక్కగానే చూస్తారు. ఆ సినిమాని పేరడీ చేస్తూ నేరు చూపు పెడితే రెండు దశాబ్దాలని కలిపి కుట్టేసినట్టే.

తర్వాత, ఈ ఇంటర్వ్యూ ఎప్పుడు తీశారు? గొడవ జరిగిన రోజేనా, ఆరు నెలల తర్వాతా? అదే రోజైతే మనిషికి చివరికి ఏమైందో తెలియదు, ధీమాగా కోతలు కోస్తాడు. ఆరు నెలల తర్వాతైతే తెలుసు, తెలిసీ దాస్తాడు. రెండూ నవ్వు పుట్టిస్తాయి గాని ఒకే ఎపిసోడ్‌లో కలిపితే రెండూ పోతాయి. 'ది ఆఫీస్' మొదటి దారి ఎంచుకుంది. అందువల్ల వచ్చే చిక్కు బట్టలది. ఎడిటింగ్‌లో ఒక జోకు అతకక కొత్త ఇంటర్వ్యూ ముక్క కావాలంటే అదే చొక్కా, అదే టై, అదే జుట్టు ఉండాలి. కాబట్టి ఎపిసోడ్ పూర్తిగా లాక్ అయ్యేదాకా ఆ బట్టల్ని ఉతికి మడిచి పక్కన పెట్టి ఉంచాలి. జుట్టు మాత్రం మడిచి పెట్టలేం. వేరే సినిమా కోసం జుట్టు కత్తిరించుకున్న జాన్ క్రసిన్‌స్కీ మూడో సీజన్‌లో కొన్ని చోట్ల విగ్గుతో కనిపిస్తాడు.

ఇంత పట్టింపు ఎవరికి కావాలి?

ఇక్కడ నన్ను నిలదీయొచ్చు. అమెరికన్ కామెడీ సిరీస్ 'మోడర్న్ ఫ్యామిలీ' ఉంది కదా? మొదట అనుకున్న కథలో ఆ కుటుంబాల్ని ఓ డచ్చి దేశస్థుడు డాక్యుమెంటరీ తీస్తుంటాడు. తర్వాత ఆ పాత్రని తీసేశారు, ఇంటర్వ్యూలు మాత్రం ఉంచేశారు. ఎవరు తీస్తున్నారో, ఎందుకు తీస్తున్నారో చెప్పకుండా 2009 నుంచి 2020 దాకా 250 ఎపిసోడ్లు నడిచింది. ఉత్తమ కామెడీ సిరీస్‌గా వరసగా అయిదు ఎమ్మీ అవార్డులు. బెడ్రూములో కెమెరా ఏమిటని ప్రేక్షకుడు ఏనాడూ అడగలేదు.

నిజమే. నా జవాబు: అది డాక్యుమెంటరీని పేరడీ చేయడం లేదు. పాత్ర మనసులో మాటని బయటికి తేవడానికి ఇంటర్వ్యూని వాడుకుంటోంది, నాటకంలో స్వగతం లాగా. అక్కడ కెమెరామన్ లేడు, కాబట్టి అబద్ధమూ ఆడడు. ఈ జవాబు నాకే పూర్తిగా తృప్తిగా లేదు. ఎందుకంటే అలాంటి సిరీస్‌లు చూసి చూసి ప్రేక్షకుడి కన్ను ఇప్పుడు తలుపు లోపలి షాట్‌ని మామూలుగానే తీసుకుంటోంది. తప్పు అలవాటైపోతే తప్పు కాదంటారా?

ఇంకో అనుమానం దీనికంటే గట్టిది. నకలు మరీ కచ్చితంగా ఉంటే నవ్వుకి చోటెక్కడ? 'డాక్యుమెంటరీ నౌ!' మొదటి ఎపిసోడ్ 1975 నాటి డాక్యుమెంటరీ 'గ్రే గార్డెన్స్'కి నకలు. అసలు సినిమా చూడనివాళ్లకి మొదట్లో ఇద్దరు ఆడవాళ్లు పాత ఇంట్లో ఏదో మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది, ఎక్కడ నవ్వాలో తెలియదు. అయితే చివర్లో ఆ కథ హారర్‌లోకి తిరుగుతుంది. అప్పుడు ఒళ్లు జలదరించడానికి కారణం అప్పటిదాకా కెమెరా ఒక్కసారి కూడా మాట తప్పకపోవడమే. అలాగే 1970 నాటి ఓ రంగస్థల సంగీత నాటకం రికార్డింగ్ రాత్రి మీద తీసిన డాక్యుమెంటరీకి వాళ్లు చేసిన పేరడీలో పాటలన్నీ కొత్తగా రాసుకున్నవి. ముందు అవి మంచి పాటలు, తర్వాతే జోకులు. పాట నాసిగా ఉంటే పాడేవాళ్లు చెమటలు కక్కుతూ పదే పదే పాడటంలో నవ్వేముంటుంది?

నిజాయితీకి నేను ఇంత పట్టుబడుతున్నాను గాని అసలు డాక్యుమెంటరీలు అంత నిజాయితీగా తీసినవా అని కూడా అడగాలి. 1922 నాటి డాక్యుమెంటరీ 'నానూక్ ఆఫ్ ది నార్త్'లో మంచు ఇంటి లోపలి సీన్ల కోసం మామూలు కంటే పెద్ద ఇగ్లూ కట్టించి, వెలుతురు కోసం ఒక పక్క గోడ తెరిచి ఉంచారు. లోపల పడుకున్నట్టు కనిపించేవాళ్లు ఆరుబయటి చలిలోనే ఉన్నారు. అంటే తలుపు లోపలి షాట్‌కి వందేళ్ల చరిత్ర ఉంది! 'డాక్యుమెంటరీ నౌ!' ఒక ఎపిసోడ్ అంతా ఈ గుట్టు మీదే నడిపింది.

బూమ్ పట్టుకున్న చేతులు

అందరూ కెమెరా గురించే మాట్లాడతారు గాని ఈ సిరీస్‌లని సగం మోసేది శబ్దం. పాత కాలపు పేరడీలో గొంతు స్టూడియోలో రికార్డు చేసినంత శుభ్రంగా వినిపిస్తే బొమ్మ మీద ఎన్ని గీతలు గీసినా లాభం లేదు. 16 ఎంఎం ఫిల్ము అంచున శబ్దాన్ని మోసే ఆప్టికల్ ట్రాకు ఆరు వేల హెర్ట్జ్ పైన పెద్దగా ఏమీ మోయలేదు. ఆ పైనున్న శబ్దం కోసేయాలి, గది ప్రతిధ్వని ఉంచాలి, మనిషి మైకు నుంచి దూరం జరిగితే గొంతు కూడా పలచబడాలి. ఇప్పటి కాలం కథైతే ఇంకో వెసులుబాటు ఉంది: పాత్రల బట్టల్లో చిన్న మైకు, నడుముకి ట్రాన్స్‌మిటర్. మామూలు సీరియల్లో దాన్ని దాచడానికి నానా పాట్లు పడతారు. ఇక్కడ కనిపించినా ఇబ్బంది లేదు. పైగా పాత్ర దాని సంగతి మర్చిపోయి గాజు తలుపు అవతలికి వెళ్లి గుసగుసలాడితే బొమ్మ దూరంగా, మాట చెవిలో. మాక్యుమెంటరీకి తప్ప ఇంకే తరహాకీ దొరకని షాట్ అది. చొక్కా బొత్తానికి మైకు రాసుకునే గరగర మాత్రం కాస్త వదిలేయాలి, పూర్తిగా కడిగేస్తే డబ్బింగ్‌లా ఉంటుంది.

'ది ఆఫీస్' చివరి సీజన్‌లో, 2013 జనవరిలో, పామ్ ఏడుస్తుంటే బ్రయన్ అనే బూమ్ (పొడుగాటి కర్రకి తగిలించిన మైకు) ఆపరేటర్ కెమెరా ఆపమంటూ ఫ్రేములోకి వచ్చేస్తాడు. చాలామంది ప్రేక్షకులకి నచ్చలేదు, ఇన్నేళ్లూ లేని మనిషి ఇప్పుడెక్కడి నుంచి ఊడిపడ్డాడని. నాకూ ఆ కథ తర్వాత సాగిన తీరు నచ్చలేదు. కానీ యూనిట్‌లో ఒక్కరు బయటికి రావాల్సి వస్తే అది శబ్దం మనిషే కావడం సరైన ఎంపిక. కెమెరామన్ తను ఎటు తిప్పితే అటే చూస్తాడు. ఇన్నేళ్లూ హెడ్‌ఫోన్స్‌లో అందరి గుసగుసలూ వింటూ కూర్చున్నది ఇతనే. బూమ్ వదిలేసి ఆమె దగ్గరికి వచ్చాడు కదా, మరి ఆ తర్వాతి మాటలు ఏ మైకు పట్టిందీ అంటే, ఆమె బట్టలకి వాళ్లే తగిలించిన చిన్న మైకు అనుకోవాలి.